‘బాడీ షాప్’ చేతులు మారిన వైనం: నైతిక వ్యాపార సంస్థలు, వాటి కొనుగోలుదారులు

హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా బెంగుళూరు దాటి కన్యాకుమారి వరకు సాగే 44వ నంబరు జాతీయ రహదారి మీద, మదురై దాటిన కొద్ది దూరంలో తిరుమంగళం అనే పట్టణం ఉంది. మధుర నాయకరాజుల కాలం నుండి తెలుగు కుటుంబాలు స్థిరపడిన ప్రాంతమది. ఆ పట్టణంలో 1990లో ‘టెడ్డీ ఎక్స్‌పోర్ట్స్’ అనే చిన్న సంస్థ ఆరంభమైంది. పాదాలకు, వీపుకు మర్దన చేసుకునే కొయ్య పనిముట్లు, గుడ్డసంచులు అక్కడ తయారయ్యేవి. అవి బ్రిటన్‌కు చెందిన ‘బాడీ షాప్’ దుకాణాల ద్వారా దేశదేశాలలో అమ్ముడయ్యేవి. ఆ రాబడిలో కొంత భాగం ‘టెడ్డీ ట్రస్ట్’ పేరిట పిల్లల చదువుకు, రహదారి మీద తిరిగే లారీ డ్రైవర్లలో ఎయిడ్స్ వ్యాధిపై అవగాహన కల్పించే పనికి వినియోగమయ్యేది.

ఆ కొయ్య పనిముట్లను కొన్న బాడీ షాప్ సంస్థ 2006 నుండి 2024 వరకు, పద్దెనిమిదేండ్లలో నాలుగుసార్లు చేతులు మారింది. ఆ నాలుగు అమ్మకాలలోనూ ధరను నిర్ణయించినవారు వేరు, సంస్థ పేరుకు విలువ తెచ్చిన పనివారు, పంటదారులు వేరు. మంచిపేరు గల వ్యాపార సంస్థలు పెద్ద కంపెనీల పరమైనప్పుడు ఏమి జరుగుతుందో తెలుసుకొనుటకు ఇంతకంటె వివరమైన ఉదాహరణ అరుదు.

నైతిక వ్యాపార సంస్థ అంటే

లాభార్జనతో పాటు తనకు తాను కొన్ని కట్టుబాట్లు విధించుకొని, ఆ కట్టుబాట్లను కొనుగోలుదారులకు మాటగా ఇచ్చే సంస్థను నైతిక వ్యాపార సంస్థ అంటారు. జంతువులపై ప్రయోగాలు చేయమనడం, పంట పండించినవారికి సరసమైన ధర చెల్లిస్తామనడం, పురుగుమందు తగలని సరుకే అమ్ముతామనడం ఇటువంటివి. కొనేవారు మామూలు సబ్బు కంటె నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టి ఆ సబ్బు కొంటున్నారంటే, ఆ నాలుగు రూపాయలూ సబ్బుకు కాదు, మాటకు.

చిక్కు కూడా అక్కడే ఉన్నది. మాట ఇచ్చేది మనిషి, కాని ఆ మాటకు గుర్తుగా నిలిచే పేరు మాత్రం చట్టం దృష్టిలో ఒక ఆస్తి. పొలం వలె, ఇల్లు వలె దానిని అమ్మవచ్చు, కొనవచ్చు. పొలం కొన్నవాడు పాత యజమాని వేసిన పంటనే వేయాలన్న నిబంధన లేనట్లే, పేరు కొన్నవాడు పాత మాటను నిలబెట్టాలన్న నిబంధన కూడ, ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప, ఉండదు.

బ్రైటన్‌లో ఒక చిన్న దుకాణం

బాడీ షాప్ వ్యవస్థాపకురాలు అనితా రాడిక్ 1942లో ఇంగ్లండు దక్షిణ తీరంలోని లిటిల్‌హాంప్టన్ పట్టణంలో జన్మించారు. తల్లిదండ్రులు ఇటలీ నుండి వలస వచ్చి ఫలహారశాల నడిపినవారు. 1976 మార్చి నెలలో, 4,000 పౌండ్ల అప్పుతో ఆమె బ్రైటన్ పట్టణంలో తొలి దుకాణం తెరిచారు. అప్పటికి ఆమెకు ఇద్దరు చిన్నపిల్లలు. భర్త గోర్డన్ గుర్రం మీద దక్షిణ అమెరికా నుండి న్యూయార్కుకు యాత్ర చేయాలన్న కోరికతో బయలుదేరే ఏర్పాట్లలో ఉన్నారు. ఇల్లు గడవాలి, అందుకని దుకాణం పెట్టారు.

గోడలపై చెమ్మ మరకలు కనిపించకుండా ముదురు ఆకుపచ్చ రంగు వేయించారు. అదే తరువాత సంస్థకు గుర్తయింది. సీసాలు కొనే స్తోమత లేక, వాడిన సీసాలనే తిరిగి తెచ్చి నింపుకొమ్మని కొనుగోలుదారులకు చెప్పారు. పర్యావరణ సిద్ధాంతంగా కొనియాడబడిన ఆ పద్ధతి మొదట పొదుపు అవసరం నుండి పుట్టింది. దుకాణానికి ఇరుగుపొరుగున శవసంస్కార వ్యాపారాలు ఉండగా, పక్కనే ‘బాడీ షాప్’ అన్న పలక వేలాడితే ఎట్లా అని వారు అభ్యంతరం చెప్పారు. ఆ సంగతి స్థానిక పత్రికకెక్కి దుకాణానికి ఖర్చులేని ప్రచారం లభించింది.

పేరు విషయంలో మరొక ముచ్చట. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం బర్క్‌లీ పట్టణంలో 1970 నుండే అదే పేరుతో, అటువంటి సరుకులే అమ్మే దుకాణమొకటి ఉండేది. బ్రిటిష్ సంస్థ 1987లో 35 లక్షల డాలర్లు చెల్లించి ఆ పేరును అమెరికాలో వాడుకొనే హక్కు పొందింది. తొలి దుకాణం ‘బాడీ టైమ్’గా పేరు మార్చుకొంది. పేరు అమ్ముడుపోయే వస్తువని బాడీ షాప్‌కు మొదటి నుండీ తెలుసునన్నమాట.

రెండవ దుకాణం తెరవడానికి బ్యాంకు అప్పు ఇవ్వలేదు. ఇయాన్ మెక్‌గ్లిన్ అనే గారేజీ యజమాని 4,000 పౌండ్లు ఇచ్చి సంస్థలో సగం వాటా తీసుకొన్నారు. 1984లో సంస్థ వాటాలను లండన్ మార్కెట్లో అమ్మకానికి పెట్టారు. సంస్థ భవితవ్యం నిజానికి ఆ రోజే నిర్ణయమైందని చెప్పవలసి ఉంటుంది. వాటాలు బజారుకు వచ్చిన తరువాత వాటిని ఎవరైనా కొనవచ్చు, తగిన ధర వస్తే మొత్తంగా అమ్మనూ వచ్చు. అనితా రాడిక్ తరువాతి కాలంలో లండన్ ఆర్థిక వ్యాపారుల తీరును బాహాటంగానే విమర్శించేవారు. కాని తలుపు తెరిచింది తామే.

1987లో సంస్థ పేద దేశాల చిన్న ఉత్పత్తిదారుల నుండి నేరుగా సరుకులు కొనే పథకాన్ని చేపట్టింది. దానం కాదు, వ్యాపారమే సహాయం అన్నది దాని సారాంశం. తిరుమంగళం కొయ్య పనిముట్లు, ఆఫ్రికాలోని ఘనా దేశపు స్త్రీలు తీసే షియా వెన్న ఈ పథకం కింద కొన్నవే. జంతువులపై ప్రయోగాలకు వ్యతిరేకంగా సంతకాల ఉద్యమాలు నడిపింది. అయితే సంస్థ గూర్చి అంతా పొగడ్తలే కాదు. 1994లో జాన్ ఎంటైన్ అనే అమెరికన్ పాత్రికేయుడు, సహజత్వం గురించి, దానధర్మాల గురించి సంస్థ చెప్పుకొనేది వాస్తవం కంటె ఎక్కువని సుదీర్ఘ వ్యాసం ప్రచురించాడు. సంస్థ దానిని ఖండించింది. మచ్చలేని చంద్రుడిని దుర్మార్గులు మింగారన్నట్లుగా ఈ కథను చెప్పడం సరికాదు.

లోరియల్ పరమైన రోజు

2006 మార్చి 17వ తేదీన ఫ్రాన్స్ సౌందర్య సాధనాల దిగ్గజం లోరియల్, బాడీ షాప్‌ను 65.2 కోట్ల పౌండ్లకు కొనుగోలు చేయుటకు ఒప్పందం కుదిరినట్లు ప్రకటన వెలువడింది. రాడిక్ దంపతులకు సుమారు 13 కోట్ల పౌండ్లు ముట్టాయి. ముప్పది ఏండ్ల క్రితం 4,000 పౌండ్లు పెట్టిన గారేజీ యజమాని వాటా విలువ 10 కోట్ల పౌండ్లు దాటింది.

అభిమానులు నివ్వెరపోయారు. జంతు ప్రయోగాల విషయంలో ఉద్యమకారులు ఏళ్ళ తరబడి వేలెత్తి చూపిన కంపెనీలలో లోరియల్ ఒకటి. తయారైన సరుకులను జంతువులపై పరీక్షించడం 1989లోనే మానుకొన్నామని ఆ కంపెనీ చెబుతూ వచ్చినా, ముడిపదార్థాల సంగతేమిటన్న ప్రశ్న మిగిలే ఉంది. పైగా లోరియల్‌లో నెస్లే కంపెనీకి అప్పట్లో నాలుగింట ఒక వంతుకు పైగా వాటా ఉండేది. పేద దేశాలలో తల్లిపాలకు బదులు డబ్బాపాలను ప్రచారం చేసిందన్న ఆరోపణపై నెస్లే సరుకుల బహిష్కరణోద్యమం 1977లోనే మొదలైంది. బాడీ షాప్‌లో కొనేవారిలో చాలామంది ఆ ఉద్యమాన్ని సమర్థించేవారే. వారు సబ్బు కొన్న డబ్బు ఇకపై ఎక్కడికి చేరుతుందన్నది ఊరికే వచ్చిన సందేహం కాదు. బ్రిటన్‌కు చెందిన కొన్ని జంతు సంక్షేమ సంఘాలు దుకాణాలను బహిష్కరించాలని పిలుపునిచ్చాయి.

అనితా రాడిక్ సమాధానం వేరుగా ఉంది. గ్రీకు పురాణంలోని కొయ్యగుర్రం వలె తమ సంస్థ ఆ పెద్ద కంపెనీ లోపల ప్రవేశించి దాని పద్ధతులను మారుస్తుందని, తమకు సరుకులిచ్చే చిన్న ఉత్పత్తిదారులకు ఇంకా పెద్ద గిరాకీ లభిస్తుందని ఆమె వాదించారు. ఆ వాదన ఎంతవరకు నిజమయ్యేదో చూడడానికి ఆమె మిగలలేదు. 1971లో ప్రసవ సమయంలో ఎక్కించిన రక్తం ద్వారా హెపటైటిస్-సి సోకినట్లు 2007 ఫిబ్రవరిలో వెల్లడించిన ఆమె, అదే సంవత్సరం సెప్టెంబరు 10వ తేదీన మెదడులో రక్తస్రావంతో కన్నుమూశారు. తన ఆస్తిని దాతృత్వ కార్యాలకే రాసి వెళ్ళారు. అమ్మకపు సొమ్ము ఆమె కుటుంబ విలాసాలకు పోలేదన్నది విమర్శకులు కూడ అంగీకరించే విషయం.

కొనుగోలు జరిగిన కొద్ది నెలలకే, 2006 జూలైలో, బాడీ షాప్ చేసిన మరొక పని అంతగా ప్రచారంలోకి రాలేదు. ఘనా దేశపు కోకో రైతుల సహకార సంఘం ‘కువాపా కోకూ’ భాగస్వామిగా 1998లో ఇంగ్లండులో ఏర్పడిన చాక్లెట్ కంపెనీ ఒకటుంది, ‘డివైన్’ అన్నది దాని సరుకు పేరు. అందులో తనకున్న వాటాలను బాడీ షాప్ ఆ రైతు సంఘానికే ఉచితంగా ఇచ్చివేసింది. దానితో చాక్లెట్ కంపెనీలో రైతుల వాటా 45 శాతానికి పెరిగింది. తానే ఇతరుల పరమైన ఏడాదిలో, తన చేతిలోని మరొక కంపెనీ వాటాను మాత్రం పంట పండించేవారి చేతిలో పెట్టింది.

లాభం తగ్గిన బిడ్డ

లోరియల్ నీడలో గడచిన పదకొండేండ్లలో బాడీ షాప్ తన మాట తప్పిందని చెప్పడానికి బలమైన ఆధారం లేదు. జంతు ప్రయోగాలు చేయబోమన్న విధానం కొనసాగింది. చిన్న ఉత్పత్తిదారుల వద్ద కొనుగోళ్ళు కూడ కొనసాగాయి. జరిగినది మరొకటి. అనేక పేర్లున్న పెద్ద కుటుంబంలో ఇది లాభం తక్కువ తెచ్చే బిడ్డ అయింది. ఒకప్పుడు బాడీ షాప్ ఒక్కటే అమ్మిన తరహా సరుకులను ఇతర దుకాణాలు కూడ అమ్మసాగాయి. 2015లో 5.48 కోట్ల యూరోలుగా ఉన్న నిర్వహణ లాభం 2016లో 3.38 కోట్లకు పడిపోయింది. 2017లో లోరియల్ దానిని బ్రెజిల్‌కు చెందిన నటూరా కంపెనీకి, సుమారు 100 కోట్ల యూరోల విలువకు అమ్మివేసింది.

నటూరా స్వయంగా నైతిక సంస్థగా పేరొందినది. అమెజాన్ అడవి ప్రాంతపు వారి నుండి గింజలు, నూనెలు కొని సౌందర్య సాధనాలు తయారు చేస్తుంది. పుట్టింటికి చేరినట్లయిందని చాలామంది సంతోషించారు. కాని నటూరా 2020 జనవరిలో ‘ఏవన్’ అనే భారీ కంపెనీని కూడ కలుపుకొంది. వెంటనే కరోనా వచ్చింది. అప్పులు, నష్టాలు పెరిగాయి. అప్పుల భారం తగ్గించుకొనే క్రమంలో నటూరా ఒక్కొక్క ఆస్తినీ వదిలించుకొన్నది. 2023 నవంబరులో బాడీ షాప్‌ను ‘ఆరేలియస్’ అనే జర్మన్ పెట్టుబడి సంస్థకు గరిష్ఠంగా 20.7 కోట్ల పౌండ్లకు అమ్ముతున్నట్లు ప్రకటించింది. 2006 నాటి 65.2 కోట్ల పౌండ్లతో ఈ మొత్తాన్ని పోల్చి చూడవచ్చు.

ఆరేలియస్ వంటి సంస్థలు నష్టాలలో ఉన్న కంపెనీలను చవకగా కొని, ఖర్చులు తగ్గించి, లాభానికి మళ్ళీ అమ్ముతుంటాయి. ఈసారి అంతవరకు కూడ పోలేదు. అమ్మకం పూర్తయిన ఆరేడు వారాలకే, 2024 ఫిబ్రవరి 13వ తేదీన బ్రిటన్‌లోని బాడీ షాప్ వ్యాపారం దివాలా రక్షణ ప్రక్రియలోకి వెళ్ళింది. అక్కడ 198 దుకాణాలుండగా 85 మూతపడ్డాయి. అమెరికా దుకాణాలు మూసివేశారు. 2024 సెప్టెంబరులో మైక్ జతానియా నాయకత్వంలోని ‘ఆరియా’ అనే పెట్టుబడి బృందం మిగిలిన దుకాణాలతో సహా వ్యాపారాన్ని కొనుగోలు చేసింది.

బాకీల వరుస

సరిహద్దు గ్రామాల రైతు కుటుంబాలకు ఇందులో కొత్తదనం కనిపించకపోవచ్చు. పత్తి మిల్లు దివాలా తీసినప్పుడు ఏమి జరుగుతుందో చూసినవారికి ఈ ప్రక్రియ తేలికగా అర్థమవుతుంది. దివాలా ప్రక్రియలో బాకీల చెల్లింపునకు ఒక వరుస ఉంటుంది. తాకట్టు పెట్టుకొని అప్పు ఇచ్చినవారు ముందు వరుసలో నిలుస్తారు. ఉద్యోగుల బకాయిలలో కొంత భాగానికి, కొన్ని పన్నులకు చట్టం ప్రాధాన్యం ఇస్తుంది. సరుకు ఇచ్చి బిల్లు కోసం ఎదురుచూసేవారు, వారి చేతిలో తాకట్టు ఏదీ లేదు కనుక, చివరి వరుసలో నిలుస్తారు. వారికి రూపాయికి పది పైసలు దక్కినా గొప్పే.

బాడీ షాప్‌కు సరుకులిచ్చినవారు కూడ ఆ చివరి వరుసలోనివారే. దాదాపు నలుబది ఏండ్ల పాటు సంస్థ ప్రచార పత్రాలపై వారి చిత్రాలు ముద్రించారు, వారి శ్రమ కథలు చెప్పి సరుకు అమ్మారు. అయినా బాకీల పట్టికలో వారికీ, అట్టపెట్టెలు సరఫరా చేసిన వ్యాపారికీ భేదం లేదు. 2006లో వారిని ఎవరూ అడగలేదు. 2017లో, 2023లో, 2024లో కూడ అడగవలసిన అవసరం చట్టప్రకారం ఎవరికీ కలగలేదు. సంస్థకు సరుకు ఇవ్వడం వేరు, సంస్థలో వాటా ఉండడం వేరు.

మరికొన్ని పేర్లు

2006 మార్చిలోనే అమెరికాలో సహజ దంతపేస్టులకు పేరొందిన ‘టామ్స్ ఆఫ్ మెయిన్’ సంస్థలో 84 శాతం వాటాను కోల్గేట్ 10 కోట్ల డాలర్లకు తీసుకొన్నది. సేంద్రియ కోకోతో 1991లో మొదలైన బ్రిటిష్ చాక్లెట్ ‘గ్రీన్ అండ్ బ్లాక్స్’ను 2005లో క్యాడ్‌బరీ కొన్నది. 2010లో క్యాడ్‌బరీనే అమెరికన్ కంపెనీ క్రాఫ్ట్ కొనేసరికి ఆ పేరు మరొక ఇంటికి చేరింది. 2017లో అదే పేరుతో సేంద్రియ ముద్ర గాని, సరసమైన ధర ముద్ర గాని లేని చాక్లెట్ బజారులోకి వచ్చింది. పాత రకాలు ముద్రలతోనే ఉన్నాయి, కాని పేరు ఒక్కటే చూసి కొనేవారికి ఆ తేడా తెలిసే మార్గం తక్కువ.

ఐస్‌క్రీమ్ కంపెనీ రాసుకున్న షరతు

మాటను కాగితం మీద పెట్టుకొన్న సంస్థ లేకపోలేదు. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో బెన్ కోహెన్, జెర్రీ గ్రీన్‌ఫీల్డ్ అనే ఇద్దరు మిత్రులు 1978లో పాత పెట్రోలు బంకులో ఐస్‌క్రీమ్ దుకాణం తెరిచారు. ‘బెన్ అండ్ జెర్రీస్’ అనే ఆ సంస్థ 1984లో తొలిసారి వాటాలు అమ్మినప్పుడు వెర్మాంట్ వాసులకు మాత్రమే అమ్మింది. 1985 నుండి లాభంలో 7.5 శాతం సేవా కార్యక్రమాలకు కేటాయించింది. కాలక్రమంలో వాటాలు జాతీయ మార్కెట్‌కు ఎక్కాయి, కొనేవారు ముందుకొచ్చారు. 2000 ఏప్రిల్‌లో యూనీలీవర్ 32.6 కోట్ల డాలర్లకు సంస్థను కొన్నది. అత్యధిక ధర ఇచ్చేవారికి అమ్మక తప్పదని చట్టమే నిర్బంధించినందున ఈ విక్రయం జరిగిందని తరచుగా చెబుతారు. వాటాదారులతో పాటు ఇతరుల మేలును కూడ డైరెక్టర్లు లెక్కలోకి తీసుకోవచ్చునంటూ వెర్మాంట్ రాష్ట్రం 1998లోనే చట్టం చేసి ఉన్నందున, ఆ నిర్బంధం ఎంతవరకు నిజమన్న దానిపై న్యాయ నిపుణుల మధ్య ఏకాభిప్రాయం లేదు.

అమ్మేటప్పుడు వారు ఒక షరతు రాయించుకొన్నారు. సామాజిక లక్ష్యాల విషయంలో, పేరు ప్రతిష్ఠల పరిరక్షణలో నిర్ణయాధికారం స్వతంత్ర మండలి ఒకదానికి ఉంటుంది. డబ్బు, వ్యాపార నిర్వహణ యూనీలీవర్ చేతిలో ఉంటాయి. ఆ ఏర్పాటు ఇరవై ఏండ్లు పెద్దగా తగాదా లేకుండా సాగింది. పాలస్తీనా ఆక్రమిత ప్రాంతాలలో తమ ఐస్‌క్రీమ్ అమ్మబోమని 2021 జూలైలో సంస్థ ప్రకటించడంతో అసలు పరీక్ష ఎదురైంది. యూనీలీవర్ 2022లో ఇజ్రాయెల్‌లోని ఆ వ్యాపారాన్ని అక్కడి వ్యాపారికి అమ్మి అమ్మకాలు కొనసాగేటట్లు చేసింది. స్వతంత్ర మండలి తన మాతృసంస్థపైనే న్యాయస్థానానికి వెళ్ళింది. ఆ దావా అదే సంవత్సరం రాజీతో ముగిసినా 2024 నవంబరులో మరొకటి మొదలైంది. 2025 సెప్టెంబరులో, సంస్థకు ఇచ్చిన స్వేచ్ఛ మిగలలేదంటూ జెర్రీ గ్రీన్‌ఫీల్డ్ నలుబదియేడు ఏండ్ల అనుబంధాన్ని తెంచుకొన్నారు. 2025 డిసెంబరులో యూనీలీవర్ తన ఐస్‌క్రీమ్ వ్యాపారాన్ని ‘మాగ్నమ్’ పేరిట వేరు కంపెనీగా విడదీయగా, బెన్ అండ్ జెర్రీస్ అందులోకి వెళ్ళింది.

షరతు రాసుకొన్నందువలన ఒక ప్రయోజనం స్పష్టం. బాడీ షాప్‌కు న్యాయస్థానానికి వెళ్ళే ఆధారం కూడ లేకపోయింది. వీరికి ఆ ఆధారమైనా మిగిలింది. ఐతే మండలి చేతిలో మాట, యజమాని చేతిలో డబ్బు సంచి ఉన్నప్పుడు ఏది బరువు తూగుతుందో కూడ ఈ తగాదా చూపింది.

వాటా ఉన్నా తరిగిపోవచ్చు

ఘనా రైతుల చాక్లెట్ కంపెనీ సంగతి మరొక పాఠాంతరం. అక్కడ రైతులు సరుకు అమ్మేవారే గాక వాటాదారులు కూడ. లాభంలో పాలు పంచుకొన్నారు, డైరెక్టర్ల సమావేశాలలో కూర్చున్నారు. అయినా పెద్ద కంపెనీలతో పోటీలో ఆ చిన్న కంపెనీకి పెట్టుబడి చాలలేదు. 2020లో జర్మనీకి చెందిన చాక్లెట్ తయారీ సంస్థ వైన్‌రిష్ అందులో అధిక వాటా తీసుకొన్నది. రైతుల వాటా 20 శాతానికి తగ్గింది. అమ్మకాన్ని వాటా ఆపలేకపోవచ్చు గాని, అమ్మకం నిర్ణయించే బల్ల దగ్గర కుర్చీ మాత్రం దక్కింది.

అమెరికన్ దుస్తుల సంస్థ పటగోనియా యజమాని ఇవాన్ షునార్ 2022లో మరొక మార్గం తొక్కారు. ఓటు హక్కు గల 2 శాతం వాటాను ఒక ట్రస్టుకు, ఓటు లేని 98 శాతాన్ని పర్యావరణ పరిరక్షణ సంస్థకు రాసిచ్చారు. కొనదలచినవారికి అమ్మే మనిషి లేకుండా చేయడం ఇది. వాటాలన్నీ ఒకే కుటుంబం చేతిలో ఉన్నందువలన సాధ్యమైంది. వాటాలు ఒకసారి బజారుకెక్కిన సంస్థకు ఈ దారి దాదాపుగా మూసుకుపోయినట్లే.

హైదరాబాదు నుండి ఒక అమ్మకం

ఇటువంటి విక్రయం తెలుగునాట కూడ ఇటీవలనే జరిగింది. సీలం రాజశేఖర రెడ్డి 2004లో హైదరాబాదులో స్థాపించిన ‘శ్రేష్ఠ నేచురల్ బయోప్రొడక్ట్స్’ సంస్థ, ‘24 మంత్ర’ పేరుతో సేంద్రియ బియ్యం, పప్పులు, పసుపు, కారం వంటివి అమ్ముతూ దేశంలోనూ, విదేశాలలోని భారతీయుల ఇళ్ళలోనూ గుర్తింపు పొందింది. 2025 ఏప్రిల్‌లో ఈ సంస్థను మొత్తంగా 472.5 కోట్ల రూపాయలకు కొంటున్నట్లు ఐటీసీ ప్రకటించింది. అదే సంవత్సరం కొనుగోలు పూర్తయింది. ఆ ప్రకటన ప్రకారం పది రాష్ట్రాలలో సుమారు 27,500 మంది రైతులు, 1.4 లక్షల ఎకరాల సేంద్రియ భూమి ఈ సంస్థతో ముడిపడి ఉన్నాయి.

ఐటీసీ తెలుగు రైతుకు కొత్త కాదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల పొగాకు రైతులకు, భద్రాచలం వద్ద సారపాక కాగితపు మిల్లుకు సుబాబుల్, నీలగిరి కర్ర పంపే రైతులకు అది తరాలుగా తెలిసిన పేరు. పొగాకుతో పెరిగిన కంపెనీ సేంద్రియ ఆహారపు పేరు కొనడాన్ని వింతగా చూసేవారున్నారు. పెద్ద కంపెనీకి ఉన్న దుకాణాల బలంతో సేంద్రియ పంటకు గిరాకీ పెరుగుతుందని ఆశించేవారూ ఉన్నారు. అనితా రాడిక్ 2006లో చేసిన వాదనకు ఇది దగ్గరి చుట్టం. ఫలితం తేల్చడానికి ఒకటి రెండు సంవత్సరాలు చాలవు. బాడీ షాప్ విషయంలో పదేండ్లు పట్టింది.

పాలకేంద్రానికీ కంపెనీకీ తేడా

కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాలలో నందిని సంఘానికి, హోసూరు, కృష్ణగిరి వైపు ఆవిన్ సంఘానికి పాలు పోసే తెలుగు కుటుంబాలు వేలలో ఉన్నాయి. ఆ సంఘాలలో సభ్యునికి ఉన్నది ఒక్క ఓటు. వాటాలు ఎన్ని ఉన్నా అంతే. ఆ వాటాను బజారులో బయటివారికి అమ్మడానికి వీలులేదు. కనుక రాత్రికి రాత్రి ఏదో ఒక కంపెనీ వచ్చి సంఘాన్ని కొనుక్కోలేదు. సంఘాలకు వేరే రోగాలు లేవని కాదు. రాజకీయ జోక్యం, ఆలస్యపు చెల్లింపులు ఎవరికీ తెలియనివి కావు. 1956లో స్థాపితమైన ముల్కనూరు సహకార సంఘం వంటివి మాత్రం ఆ రోగాలను చాలావరకు దూరం పెట్టి నిలిచాయి. ప్రైవేటు డెయిరీల పరిస్థితి వేరు. తిరుమల మిల్క్ ప్రొడక్ట్స్‌ను 2014లో ఫ్రాన్స్‌కు చెందిన లాక్టాలిస్ కొనుగోలు చేసినప్పుడు, పాలు పోసేవారి సంతకం అవసరం పడలేదు.

సేంద్రియ సాగు చేసే కుటుంబాలకు పట్టించుకోవలసిన మరొక విషయం ధృవీకరణ పత్రం. జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం కింద చిన్న రైతులను గుంపుగా చేర్చి పత్రం ఇవ్వడం వాడుక. ఆ గుంపును నడిపేది కంపెనీ అయినచోట, రెండు మూడు సంవత్సరాలు రసాయనాలు మానుకొని నేలను బాగుచేసినది రైతే అయినా, పత్రం వ్యవహారమంతా కంపెనీ చేతిలో ఉంటుంది. కంపెనీ అమ్ముడుపోయినా, కొనుగోళ్ళు మానుకొన్నా, ఆ పత్రం చూపి రైతు మరొక వ్యాపారికి సేంద్రియ ధరకు అమ్ముకొనడం కష్టం. 2025 జనవరిలో విడుదలైన సవరించిన నిబంధనలలో రైతు గుంపులకే చట్టబద్ధమైన హోదా కల్పించే అంశం చేరింది. స్థానిక అమ్మకాలకైతే ‘పీజీఎస్ ఇండియా’ అనే మరొక పద్ధతి ఉంది. అందులో ఇరుగుపొరుగున ఉన్న కనీసం ఐదుగురు రైతులు గుంపుగా ఏర్పడి, ఒకరి పొలాలు ఒకరు తనిఖీ చేసుకొని ధృవీకరణ పొందుతారు. ఏ పద్ధతిలోనైనా పత్రం ఎవరి పేరిట జారీ అయిందో, ఏ తేదీ వరకు చెల్లుతుందో దాని మీదనే ముద్రించి ఉంటుంది. కంపెనీ ప్రతినిధి వద్ద ఉన్న పత్రపు నకలును అడిగి తీసుకొని ఇంట్లో పట్టాదారు పుస్తకంతో పాటు భద్రపరచుకొనే రైతులు కొందరు ఇప్పటికే ఉన్నారు.